ముందు సగం

లోడు ఎక్కకముందు మూసుకున్న తలుపు, లోడు ఎక్కాక మూసుకోలేదు.

సిమెంటు గోదాము ముందు ఎండ నిలువునా కాస్తోంది. చివరి బస్తా తొట్టిలో పడగానే బూడిదరంగు దుమ్ము లేచింది. డ్రైవరు సీటులోకి ఎక్కినవాడు తలుపును తన వైపు లాగాడు. అది పై మూల చట్రానికి తగిలి ఆగిపోయింది. మళ్ళీ లాగాడు. దిగి భుజంతో నెట్టాడు. చివరికి కాలెత్తి ఒక్క తన్ను తన్నాడు. తలుపు కంచుపళ్ళెంలా మోగింది గాని మూసుకోలేదు.

“బావా, నీ దున్న నోరు తెరిచింది. మూయనంటోంది!” అని కేకేశాడు.

ఆ బావ గోదాము నీడలో నిలబడి రవాణా చీటీ మీద సంతకం పెడుతున్నాడు. పేటలో అందరూ అతణ్ణి రివెట్టు మేస్త్రి అంటారు. లారీల కంపెనీలో చేరిన నాటినుంచి గేటు బయటికి పంపించిన నాటిదాకా అతను చేసిన పని ఒక్కటే: లారీకి వెన్నెముక వంటి ఇనుప ఫ్రేముకు రివెట్లు కొట్టడం. ఆ పని పోయి ఏడాదయింది. ఆఖరి లెక్క కింద కంపెనీ ఇచ్చిన డబ్బుతో, అదే కంపెనీలో తయారైన ఈ పాత లారీని రెండు నెలల కిందట కొన్నాడు. నడిపేది భార్య తమ్ముడు. బండి ముక్కు మీద ఇనుప దున్నపోతు తల ఉంటుంది కాబట్టి ఆ కంపెనీ లారీలన్నింటినీ జనం దున్నలనే పిలుస్తారు.

మేస్త్రి వచ్చి తలుపు పట్టుకోలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి, క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య ఉన్న సందు చూశాడు. పొద్దున అందులో చెయ్యి సులువుగా దూరేది. ఇప్పుడు కింద ఎప్పటిలాగే ఉంది. పైన మాత్రం వేలు కూడా పట్టడం లేదు. క్యాబిన్ వెనక్కి ఒరిగింది.

“బస్తాలన్నీ దించమను,” అన్నాడు.

“ఏంటి?”

“దించమన్నాను.”

హమాలీల్లో పెద్దవాడు తలగుడ్డతో మెడ తుడుచుకుంటూ నవ్వాడు. “ఎక్కించినందుకో కూలి, దించినందుకో కూలి. రోజూ ఇట్టాగే రా మేస్త్రీ, నీ పేరు చెప్పుకుని బతుకుతాం.”

మేస్త్రి అప్పటికే బండి కింద ఉన్నాడు. క్యాబిన్ దాటాక, ఫ్రేము పక్కపట్టీ మీద దళసరిగా పూసిన తారు ఒక గీతలా చీలి ఉంది. జేబులోంచి తాళంచెవి తీసి గీకాడు. తారు పొరలు పొరలుగా ఊడింది. దాని కింద ఒక రేకుపట్టీ, ఆ పట్టీ అంచు వెంట బయటపడ్డ వెల్డింగు కుట్టు, ఆ కుట్టు మధ్య వెంట్రుక మందాన కొత్తగా మెరుస్తున్న పగులు. ఫ్రేముకు వెల్డింగు నిప్పు సోకితే ఆ ఫ్రేమును తుక్కులోకి తోసేసే కంపెనీ అతనిది. ఈ కుట్టు అక్కడ పుట్టింది కాదు. పగులుకు ఇటువైపు ఇనుమూ అటువైపు ఇనుమూ ఒకే బండివి కావు. వెనక దెబ్బతిన్న ఒక లారీ ముందు సగాన్నీ, ముందు దెబ్బతిన్న మరో లారీ వెనక సగాన్నీ కోసి, ఒకదానికొకటి అతికించారు.

“బావా, నిద్రపోయావా?” అని పైనుంచి వినిపించింది.

చూడవలసింది చూశాక కూడా మేస్త్రి చాలాసేపు దాన్నే చూస్తూ పడుకున్నాడు.

ఆ కంపెనీ చరిత్రను కార్మికులు ఏడాదికొకసారి వినేవారు. వార్షికోత్సవం రోజు మిషన్లు గంటసేపు ఆపి, పెద్ద షెడ్డులో అందరినీ నిలబెట్టి, కంపెనీ అధికారి ఒకరు ఉపన్యసించేవాడు. యుద్ధం ముగిసి సైన్యాలు వెళ్ళిపోయాక విరిగిన లారీలు రోడ్ల పక్కన తుప్పుపడుతుండగా, ఒక యువకుడు రేకుల కొట్టంలో మరమ్మతుల పని మొదలుపెట్టాడు. చచ్చిన రెండు బండ్లలోంచి బతికిన భాగాలు తీసి ఒక్క బండి చేశాడు. అదే కంపెనీ మొదటి లారీ. వంతెన కడుతున్నవాళ్ళకోసం కొండమీంచి ఒక బండరాయిని మోసుకొచ్చింది. రివెట్టు మేస్త్రి ఉద్యోగంలో చేరినప్పుడు ఆ రాయి బరువు అయిదు టన్నులు. అతను బయటికి వచ్చేనాటికి పన్నెండు దాటింది. రాయి పెరిగే వస్తువు కాదని అందరికీ తెలుసు. ఉపన్యాసం పెరిగే వస్తువని కూడా తెలుసు. చప్పట్లు కొట్టి ఎవరి మిషను దగ్గరికి వాళ్ళు వెళ్ళేవారు. మోసుకొచ్చిన తరవాత ఆ మొదటి లారీ ఏమైంది, ఎన్నాళ్ళు నడిచింది అన్నది ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

కొట్టం షెడ్డయింది, షెడ్డు ఫ్యాక్టరీ అయింది. గనులకు, ఆనకట్టలకు, ఓడరేవులకు దున్నలు వెళ్ళాయి. యువకుడు ముసలివాడై చనిపోయాడు. కొడుకులు అప్పుతో మరింత పెద్ద ఫ్యాక్టరీ తలపెట్టారు. అప్పు ఇచ్చినవాళ్ళు కంపెనీని వేరొకరికి అమ్మారు. కొన్నవాళ్ళకు కావలసింది ముక్కు మీది దున్న తల మాత్రమే. ఫ్రేములు ఎక్కడినుంచో బోల్టులు బిగించి తయారుగా రావడం మొదలైంది. రివెట్ల షెడ్డు మూతపడింది. కొత్త బండి ధర సామాన్యుడు తలెత్తి చూడలేనంత ఎత్తుకు పోయింది కాబట్టి పాత దున్నలకు గిరాకీ పెరిగింది. ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా, రోడ్డుకు అవతల, పాత లారీల యార్డు ఒకటి వెలిసింది. ఉద్యోగం పోయినవాడి డబ్బు గేటు దాటి, రోడ్డు కూడా సరిగ్గా దాటకముందే అందులోకి చేరేది.

రివెట్ల షెడ్డులో ఒక ఆచారం ఉండేది. ఫ్రేము పూర్తయాక, ముందు చక్రాల పైన కమాను కట్ట బిగించే చోట, దాన్ని కొట్టిన మనిషి ఉలితో తన గుర్తు పొడవాలి. ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తు. ఇతనిది కోడికాలు: మూడు గీతలు ఒకచోట కలిసినట్టుంటుంది. ఏ రివెట్టయినా వదులైతే ఎవరి కూలి కోయాలో తెలియడానికి యాజమాన్యం పెట్టిన ఏర్పాటు అది. కార్మికులు మాత్రం దాన్ని మరోలా తీసుకున్నారు. దున్న ఎక్కడ ఆగి ఉన్నా వంగి చూసేవారు. తమ గుర్తు కనిపిస్తే, దూరదేశంలో స్థిరపడ్డ కొడుకు ఎదురైనంత సంబరం. “పెళ్ళికెళ్ళినా నీళ్ళకెళ్ళినా మా ఆయన ముందు లారీ కింద దూరొస్తాడు,” అని మేస్త్రి భార్య నలుగురిలో ఆటపట్టించేది. జరిమానా కోసం పుట్టిన గుర్తును సంతకంగా మార్చుకోవడం మనిషి గొప్పతనమే కావచ్చు. ఆ గొప్పతనానికి వెల కట్టగలవాడు ఎక్కడో ఒకడు తయారవుతాడని వాళ్ళకు తోచలేదు.

కొనేటప్పుడు బావా బావమరదులు అజాగ్రత్తగా ఏమీ కొనలేదు. బావమరిది అనుభవమున్న డ్రైవరు. పొద్దున్నే, ముందుగా చెప్పకుండా, బావను వెంటబెట్టుకుని యార్డుకు వెళ్ళాడు. బానెట్ మీద అరచెయ్యి పెట్టి ఇంజిను చల్లగా ఉందో, వీళ్ళు వస్తారని ముందే వేడిచేసి ఉంచారో చూశాడు. స్టార్టు చేయించి పొగ రంగు చూశాడు, క్లచ్ తొక్కాడు, టైర్లు గోరుతో నొక్కాడు. “ఫ్రేము సంగతి?” అని అడిగితే మేస్త్రి నవ్వాడు. “ఫ్రేము నాకొదిలెయ్యరా. అది నాకు నేర్పుతావా?”

యార్డు యజమాని పక్కనే నిలబడి మర్యాదగా అన్నాడు: “మీ చేతి బండేమో చూసుకోండి మేస్త్రీగారూ.”

అతను కిందికి దూరాడు. కమాను కట్ట దగ్గర మట్టి తుడిచాడు. కోడికాలు కనిపించింది. అక్కడితో బయటికి వచ్చేశాడు. క్యాబిన్ దాటి ఇంకో రెండు బారలు వెనక్కి పాకి ఉంటే, సుత్తితో పట్టీ పొడుగునా కొట్టి చప్పుడు విని ఉంటే, కథ వేరుగా ఉండేది. తన నమ్మకం నిజమని ఒక రుజువు దొరికినవాడు రెండో రుజువు కోసం వెతకడు. చదువుకున్నవాళ్ళ విషయంలోనూ ఇది ఇంతే.

“నా బండేరా,” అన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. అప్పటిదాకా బేరంలో కాస్త కాస్త దిగుతూ వస్తున్న యజమాని, ఆ తడి చూశాక మరి దిగలేదు.

ఆఖరి లెక్క డబ్బంతా బండికే పోయింది. చాలక, ఆస్పత్రి చాకిరేవు గదిలో దుప్పట్లు ఇస్త్రీ చేసే భార్య, సొంతంగా ఆవిరి ఇస్త్రీ మిషను కొనుక్కోవాలని దాచుకున్నది కూడా పోయింది. మిషను మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు.

ఖాళీ లారీని మెల్లగా తోలుకుంటూ, గోదాము నుంచి వాళ్ళు నేరుగా యార్డుకే వెళ్ళారు. యజమాని ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. అతని తల వెనక గోడ మీద, కంపెనీ స్థాపించిన ముసలాయన ఫొటో, దాని పక్కన బండరాయి మోస్తున్న మొదటి లారీ బొమ్మ.

“అతుకు బండి అంటగట్టారు,” అన్నాడు మేస్త్రి.

“కూర్చోండి. ముందు మంచినీళ్ళు తాగండి.”

“కూర్చోడానికి రాలేదండీ. మా డబ్బు మాకిచ్చెయ్యండి,” అన్నాడు బావమరిది.

యజమాని కోపగించుకోలేదు. “మేస్త్రీగారూ, నేను మీకు అబద్ధం చెప్పానా? ఇది అతుకు లేని బండి అన్నానా? మీ గుర్తుందేమో చూసుకోమన్నాను. ఉంది. మీరే చూశారు, మీరే సంతోషపడ్డారు. నేను పక్కనే ఉన్నాను.”

“ముందు సగమే నాది.”

“నేనేమన్నా మొత్తం మీదే అన్నానా?” అని, కుర్చీ వెనక్కి తిప్పి గోడ చూపించాడు. “అసలు మీ కంపెనీ మొదటి బండేంటి? అతుకు బండి కాదూ? ముసలాయన రెండు చచ్చిన బండ్లు కలిపి ఒకటి చేస్తే చరిత్ర. నేను చేస్తే మోసమా?”

మేస్త్రి ఆ బొమ్మ వైపు చూశాడు. ఏళ్ళ తరబడి విన్న ఉపన్యాసంలో ఈ ప్రశ్నకు జవాబు ఉండాలనిపించింది. ఎంత వెతికినా రాయి బరువు తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు.

“ముసలాయన అతుకు దాచాడా?” అన్నాడు చివరికి.

“అది మీకూ తెలీదు, నాకూ తెలీదు,” అన్నాడు యజమాని శాంతంగా.

మర్నాడు మేస్త్రి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళాడు. లోపలికి రానివ్వలేదు. కిటికీలోంచి ఒక గుమాస్తా ఛాసిస్ నంబరు అడిగి కంప్యూటర్లో నొక్కి, ఆ నంబరు బండి ఏనాడో ప్రమాదంలో పోయి తుక్కు కింద లెక్క తేలిందని చెప్పాడు.

“మా దగ్గర మీ బండి లేదండీ.”

“బయట నిలబెట్టానండీ. అదిగో, చెట్టు కింద.”

గుమాస్తా తల వంచి చూశాడు. నిజమే, ఉంది. “మా లెక్కలో లేదంటున్నాను,” అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. క్షమించమన్నట్టు కాసేపు అలాగే చూసి, కిటికీ మూసుకున్నాడు.

పోలీసు స్టేషన్లో హెడ్ కానిస్టేబులు అంతా ఓపికగా విన్నాడు. “కొనేముందు బండి చూసుకున్నారా?”

“చూసుకున్నామండీ.”

“ఫ్రేము ఎవరు చూశారు? ఆ పని తెలిసినవాడేనా?”

“నేనేనండీ. ఆ పనే చేశాను బతుకంతా.”

“మరి ఎవరి మీద రాసుకోమంటావు?”

సగం లోడుతో తిప్పుదామని బావమరిది ఒక వారం ప్రయత్నించాడు. సగం లోడు బాడుగ డీజిలుకు సరిపోయింది. డ్రైవరు తిండికి సరిపోలేదు. రోడ్డు మీద గుంతలో పడ్డప్పుడల్లా వాడు వెనక్కి తిరిగి చూసేవాడు. “ఎప్పుడు విడాకులిచ్చుకుంటాయో తెలీదు బావా, ముందుదీ వెనకదీ,” అని నవ్వాడు. ఆ తరవాత నవ్వలేదు. వాడికి ఇద్దరు పిల్లలు.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో యార్డు యజమానే కబురుపెట్టాడు. ఈసారి టీ తెప్పించాడు.

“చూడండి మేస్త్రీగారూ. మీరు నష్టపోవడం నాకిష్టం లేదు. మీ బండి నేను వెనక్కి తీసుకుంటాను. బదులుగా అతుకు లేని బండి ఇస్తాను. మీరే సుత్తి పెట్టి కొట్టి చూసుకోండి.”

“పైనెంత కట్టాలి?”

“పైసా వద్దు. ఆదివారం ఆదివారం వచ్చి ఇక్కడ కూర్చోండి, అంతే. మీ షెడ్డువాళ్ళు, పక్క షెడ్డువాళ్ళు బండ్లు చూడ్డానికొస్తారు. ‘మనదేనా అన్నా?’ అని మిమ్మల్నడుగుతారు. కిందికి దూరి గుర్తు చూసి, ఉంటే ఉందనండి. అబద్ధమాడక్కర్లేదు. నేనెవరి చేతా అబద్ధం ఆడించను.”

“వెనక సగం అడిగితే?”

యజమాని టీ గ్లాసు కింద పెట్టాడు. “మీరడిగారా?”

రెండు గదుల ఇంట్లో ముగ్గురూ ఆ సాయంత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా అన్నం తిన్నారు. బావమరిదే ముందు నోరు విప్పాడు.

“చెయ్యి బావా. నాలుగాదివారాలు. బండి చేతికొచ్చాక మానెయ్యి.”

“ఆ నాలుగాదివారాల్లో కొన్నవాళ్ళు?”

“వాళ్ళకి కళ్ళున్నాయి కదా.”

“నాకు లేవూ?”

వాడు కంచం పక్కకు నెట్టాడు. “నీ కళ్ళ వల్లే కదా బావా ఇదంతా. ఇంజిను నేను చూశాను. నేను చూసిందాంట్లో వంక లేదు. ఇవాళ్టికీ స్టార్టింగు ఒక్క దెబ్బకే.”

“ఒరేయ్, లే. చెయ్యి కడుక్కో,” అంది అక్క. తమ్ముడు లేచి వెళ్ళిపోయాడు. వాడన్నది తప్పని మాత్రం ఆమె అనలేదు.

మేస్త్రి భార్య వైపు తిరిగాడు. ఇస్త్రీ ఆవిరికి ఆమె చేతులు మోచేతుల దాకా కమిలిపోయి ఉంటాయి. కొబ్బరినూనె రాసుకుంటోంది.

“ఏం చెయ్యమంటావు?”

“నన్నడక్కు. బండి కొనేటప్పుడు అడిగావా?”

“చెప్పాను కదా.”

“చెప్పావు. అడగలేదు.” నూనె సీసా మూత బిగించి మళ్ళీ తనే అంది: “మాతో దుప్పట్లు ఉతికే రంగుల మేస్త్రి వాళ్ళావిడ ఇవాళ రేవుగదిలో చెప్పింది. వాళ్ళకీ ఆఖరి లెక్క అందిందంట. దున్న కొంటారంట. రివెట్టన్న మంచిచెడ్డా చూసి చెప్తాడు, మాకు భయమేంటి అంది.”

“నువ్వేమన్నావు?”

“దుప్పటి రెండో కొస పట్టుకోమన్నాను.”

ఆదివారం మేస్త్రి యార్డుకు వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు అతని మనసులో ప్రతిజ్ఞలేమీ లేవని చెప్పడం న్యాయం. గుర్తు ఉంటే ఉందంటాను, అంతకు మించి మాట్లాడను అని దారి పొడుగునా తనకు తాను చెప్పుకున్నాడు. అది అబద్ధం కాదు కదా అని కూడా చెప్పుకున్నాడు. బావమరిది పిల్లల ఫీజు, ఆగిపోయిన బాడుగ, భార్య చేతులు, ఇవన్నీ ఆ మాట పక్కనే నడుస్తూ వచ్చాయి.

పది దాటాక రంగుల మేస్త్రి వచ్చాడు. పొట్ట ముందు, మనిషి వెనక. ఫ్యాక్టరీలో క్యాబిన్లకు రంగు కొట్టేవాడు. వెంట భార్య, బయానా డబ్బున్న గుడ్డసంచి ఆమె చంకలో ఉంది.

“రివెట్టన్నా! నువ్విక్కడున్నావని తెలిసే ఇక్కడికొచ్చాం. లేకపోతే ఈ మహానుభావుణ్ణి నమ్ముతామా?” అంటూ యజమాని భుజం తట్టాడు. యజమాని కూడా నవ్వాడు.

నీలంరంగు దున్న ఒకటి చూపించారు. రంగుల మేస్త్రి తలుపు అంచున మూల వెతికి, బొటనవేలి గోరుతో గీకాడు. నీలం కింద ఎరుపు, ఎరుపు కింద ముదురు పచ్చ. అతని ముఖం విప్పారింది.

“మన పచ్చ! చూశావుటే? మూడో పొర మన పచ్చ! ఈ కలుపు నాదే, అటూ ఇటూ అయ్యేది కాదు. దీని మీద ఎవడు ఎన్ని రంగులు పూసినా లోపల నేనున్నాను.” తలుపును అరచేత్తో నిమిరాడు. “అన్నా, నీ వంతు. కిందికి దూరు. నా పొట్టకి సందు చాలదు.”

రివెట్టు మేస్త్రి ఆ నిమిరే చేతిని చూశాడు. గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా బండి కిందికి జరిగాడు.

కమాను కట్ట దగ్గర గుర్తు ఉంది. ఇతనిది కాదు, పక్క మిషను మీద పనిచేసి, పదవీ విరమణ అందుకోకుండానే పోయిన ఒక స్నేహితుడిది. గుండ్రం, మధ్యలో చుక్క.

“ఉందా అన్నా?” అని రంగుల మేస్త్రి గొంతు.

“ఉంది.”

“విన్నావుటే? అయితే ఖాయం. సంచి ఇలా తే.”

“మంచి బేరం,” అన్నాడు యజమాని. “లోపలికి రండి, బయానా రాసుకుందాం. మేస్త్రీగారూ, ఇక చాలు, మీరూ వచ్చెయ్యండి.”

చెప్పవలసిన మాట చెప్పడం అయిపోయింది. అది నిజం కూడా. అయినా అతను మడమలతో నేలను తన్నుకుంటూ ముందుకు కాదు, వెనక్కి జరిగాడు. క్యాబిన్ దాటాడు. తారు ఇక్కడ కూడా దళసరిగానే ఉంది. తాళంచెవి తీసి గీకాడు. రేకుపట్టీ. కుట్టు. ఫ్రేము ఎడమ పక్కపట్టీ చూశాడు. అక్కడ కూడా అంతే.

“కొనకు,” అన్నాడు.

పైన రంగుల మేస్త్రి నవ్వాడు. “ఏంటన్నా?”

“ఇది అతుకు బండి. ముందు సగమే మనది. రంగు మనదే, గుర్తు మనదే, వెనక సగం ఎవరిదో. నాది కూడా ఇంతే. లోడెక్కితే కుంగుతుంది. కొనకు.”

యజమాని గొంతు పెంచలేదు. “చూశారా? ఇందుకే పిలవడానికి జంకాను. ఆయన తన బండి అమ్ముకోవాలండీ. పగులిచ్చిన బండి. ఇంకెవరికీ అంటగట్టలేక మీ కోసం కాచుకుని ఉన్నాడు. ఇది వద్దంటాడు, రేపు ఇంటికొచ్చి నాది తీసుకో అంటాడు. అడగండి, బండి అమ్మాలని చూస్తున్నాడా లేదా?”

“అలాగా అన్నా?” రంగుల మేస్త్రి గొంతులో నవ్వు పోయింది. “నీ బండి అమ్ముతున్నావా?”

అమ్మాలని చూడలేదని చెప్పగలడా? బావమరిది ఇద్దరు బ్రోకర్లకు చెప్పి ఉంచాడు. ఆ సంగతి అతనికి తెలుసు.

“నా బండి సంగతి వదిలెయ్. నువ్వు వచ్చి ఇది చూడు.”

“నీకు పనిచ్చిన మనిషి మీదే...! మొదట ఉందన్నావు, ఇప్పుడు వద్దంటావు. నీకున్నది మాకు ఉండకూడదనా? బయటికి రా. ముఖం చూసి మాట్లాడు.”

“రాను.”

“ఏంటీ?”

“రాను. నువ్వే లోపలికి రా. పొట్ట పట్టకపోతే తల ఒక్కటి పెట్టి చూడు. నేనిక్కడ వేలు పెట్టి ఉంచాను. చూసేదాకా తియ్యను.”

“మేస్త్రీగారూ,” అన్నాడు యజమాని, “ఇవాళ్టితో మన మాట అయిపోయింది. మీ బండి మీదే, మా బండి మాదే. బయటికి రండి. ఇంజిను వినిపించాలి వాళ్ళకి.”

“రానన్నాను.”

“స్టార్టు చెయ్యవయ్యా,” అని యార్డు డ్రైవరుకు సైగ చేశాడు. “గేరు ముట్టుకోకు. ఊరికే స్టార్టు చెయ్.”

ఇంజిను లేచింది. ఆ చప్పుడు రేకుల కప్పును, నేలను, అతని దవడలను కలిపి ఊపేసింది. బతుకంతా ఆ చప్పుడుకు అలవాటుపడ్డ చెవులే అయినా, పక్కన నిలబడి వినడం వేరు, కింద పడుకుని వినడం వేరు. అతను ఇంకా చెబుతూనే ఉన్నాడు. కుట్టు గురించి, బస్తాల గురించి, క్యాబిన్ వెనక్కి ఒరగడం గురించి. నోరు కదులుతోంది, మాట అతనికే వినిపించడం లేదు.

ఆ చోటునుంచి కనిపించేవి పాదాలు మాత్రమే. యజమాని బూట్లు ఆఫీసు గది వైపు తిరిగాయి. రంగుల మేస్త్రి చెప్పులు ఒక అడుగు ఇటు వేశాయి, ఆగాయి, మళ్ళీ తిరిగి బూట్ల వెనకే నడిచాయి. మూడో జత పాదాలు, రంగుల మేస్త్రి భార్యవి, చాకిరేవు సోడాకు పగుళ్ళిచ్చిన మడమలతో వెనక చక్రం పక్కన ఉన్నచోటే ఉన్నాయి. చెప్పులు కొంత దూరం పోయి ఆగి, వెనక్కి తిరిగి, మడమలెత్తి నిలబడ్డాయి, కేకేస్తున్నాడు కాబోలు. పాదాలు కదల్లేదు. చక్రం వైపూ రాలేదు, గది వైపూ పోలేదు.

అతను కుట్టు మీద వేలు అలాగే ఉంచాడు. ఇంజిను వణుకు వేలిగుండా మోచేతి దాకా వస్తోంది.